ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్‌లో ప్రాక్సీ ఖాతా: రాత్రి జాబ్‌కు కావాల్సినంత అధికారమే ఇవ్వడం ఎలా

ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, పెట్టిన వేళకు పనులు తానే నడిపించే సర్వీసే ఏజెంట్. ఆ పనిని జాబ్ అంటారు, అందులో ఒక్కో మెట్టును స్టెప్ అంటారు. రాత్రి 2 గంటలకు ఒక జాబ్ నడవాలి. సేల్స్ డేటాబేస్‌లోంచి ఆ రోజు లెక్కలు టెక్స్ట్ ఫైలుగా తీసి ఫైల్ సర్వర్‌లో పెట్టాలి. తెల్లారేసరికి అకౌంట్స్ వాళ్లు దాన్ని తీసుకుంటారు. పని ఇంతే. ఈ జాబ్ ఎవరి పేరు మీద నడుస్తోందని అడిగితే మాత్రం చాలా ఆఫీసుల్లో వచ్చే జవాబు 'ఏజెంట్ సర్వీస్ అకౌంట్'. జాబ్ ఓనర్ సిస్‌అడ్మిన్ (సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న రోల్) అయి, స్టెప్‌లో 'రన్ యాజ్' పెట్టెను ఎవరూ ముట్టుకోకపోతే జరిగేది అదే.

అయితే ఏమైంది అంటారా? ఏజెంట్ సర్వీస్ ఖాతా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్‌అడ్మిన్‌గా ఉండి తీరాలి. కాబట్టి ఆ ఖాతా కింద నడిచే కమాండ్ స్టెప్‌లో ఒక్క లైను చొప్పించగలిగినవాళ్లు తమ లాగిన్‌ను సిస్‌అడ్మిన్‌గా మార్చేసుకోగలరు. స్టెప్‌ను మార్చే హక్కు కూడా అక్కర్లేదు. ఆ స్టెప్ పిలిచే బ్యాచ్ ఫైలు ఏ షేర్డ్ ఫోల్డర్‌లోనో ఉండి, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేయగలిగితే చాలు. ఒక్క ఫైలు కాపీ చేసే పనికి తాళాలగుత్తి మొత్తం గుమ్మానికి తగిలించినట్టే.

దీనికి విరుగుడు ప్రాక్సీ: స్టెప్‌ను ఏజెంట్ ఖాతాతో కాకుండా మరో విండోస్ ఖాతా పేరుతో నడిపించే ఏర్పాటు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో సర్వర్ మొత్తానికి ఒకే ఒక్క ప్రాక్సీ ఖాతా ఉండేది. 2005 నుంచి ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. ముందే ఒక మాట: ప్రాక్సీ పెట్టినంత మాత్రాన భద్రత వచ్చేయదు. ప్రాక్సీ కేవలం దారి. ఆ దారి చివర ఉన్న విండోస్ ఖాతాకు ఎంత తక్కువ అధికారం ఉంటే అంత భద్రత. డొమైన్ అడ్మిన్ ఖాతాతో ప్రాక్సీ కట్టడం కన్నా అసలు కట్టకపోవడం మేలు.

ఏ స్టెప్‌కు పనికొస్తుంది, దేనికి రాదు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. టీ-ఎస్‌క్యూఎల్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ క్వెరీ భాష) స్టెప్‌కు ప్రాక్సీ వర్తించదు. ఆ స్టెప్ ఓనర్‌ను బట్టి నడుస్తుంది: ఓనర్ సిస్‌అడ్మిన్ అయితే ఏజెంట్ సర్వీస్ ఖాతా పేరుతో, కాకపోతే ఎగ్జిక్యూట్ యాజ్ (మరొకరి పేరుతో నడిపించే కమాండ్) ద్వారా ఓనర్ పేరుతో. సిస్‌అడ్మిన్లకు స్టెప్ అడ్వాన్స్‌డ్ పేజీలో 'రన్ యాజ్ యూజర్' అని ఒక పెట్టె కనిపిస్తుంది. అది డేటాబేస్ యూజర్ గురించి, ప్రాక్సీకి దానితో సంబంధం లేదు.

ప్రాక్సీ పనిచేసేది మిగతా వాటికి: ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్ (అదే సీఎండీఎగ్జెక్), పవర్‌షెల్, ఎస్‌ఎస్‌ఐఎస్ (డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పనిముట్టు) ప్యాకేజీ, అనాలిసిస్ సర్వీసెస్ కమాండ్, క్వెరీ, ఇంకా రెప్లికేషన్ ఏజెంట్లు. ఈ ఒక్కో రకాన్నీ సబ్‌సిస్టమ్ అంటారు. యాక్టివ్‌ఎక్స్ స్క్రిప్ట్ సబ్‌సిస్టమ్ 2016లోనే పోయింది. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఏజెంటే లేదు కాబట్టి ఈ గొడవ కూడా లేదు.

ఎక్స్‌పీ_సీఎండీషెల్‌కు (క్వెరీలోంచి విండోస్ కమాండ్ నడిపే ప్రొసీజర్) కూడా ఒక ప్రాక్సీ ఖాతా ఉంటుంది. దాన్నీ దీన్నీ కలపకండి. అది వేరే క్రెడెన్షియల్ (విండోస్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ దాచిన నమోదు), సర్వర్‌కు ఒక్కటే. ఏజెంట్ జాబులు దాని ముఖం కూడా చూడవు.

విండోస్ ఖాతా దగ్గర మొదలు

మన ఉదాహరణలో డొమైన్ పేరు కార్ప్, ఖాతా పేరు రాత్రి_ఎగుమతి అనుకుందాం. మామూలు డొమైన్ యూజర్. ఏ అడ్మిన్ గ్రూపులోనూ ఉండకూడదు, సర్వర్‌లోని లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లో కూడా. దీన్ని మనుషులు టైప్ చేయరు కాబట్టి పాస్‌వర్డ్ 25 అక్షరాలకు తగ్గకుండా, పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టించినదే వాడండి. జీఎమ్‌ఎస్‌ఏ (పాస్‌వర్డ్‌ను డొమైనే పుట్టించి మార్చే సర్వీస్ ఖాతా) వాడదామన్న ఆలోచన వస్తుంది. అది ఏజెంట్ సర్వీస్‌కు చక్కగా సరిపోతుంది. ప్రాక్సీకి మాత్రం కుదరదు. క్రెడెన్షియల్‌లో పాస్‌వర్డ్ రాయాలి, జీఎమ్‌ఎస్‌ఏ పాస్‌వర్డ్ మన చేతికి రాదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉన్న మెషీన్‌లో ఈ ఖాతాకు 2 లాగాన్ హక్కులు చూడాలి: నెట్‌వర్క్ ద్వారా మెషీన్‌ను చేరడం, బ్యాచ్ జాబ్‌గా లాగాన్ కావడం. లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, లోకల్ పాలసీస్ కింద యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌లో ఈ రెండూ కనిపిస్తాయి. గ్రూప్ పాలసీతో బిగించిన సర్వర్లలో ఇవి తీసేసి ఉండొచ్చు. 'డినై' జాబితాలో ఈ ఖాతా ఉన్న గ్రూపు ఏదైనా ఉందేమో కూడా చూడండి, డినై ఎప్పుడూ గెలుస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా లాగాన్ అయ్యే హక్కు మాత్రం ఇవ్వకండి, దానితో పని లేదు. యాక్టివ్ డైరెక్టరీలో 'లాగ్ ఆన్ టు' అని మెషీన్ల జాబితా పెట్టి ఉంటే అందులో ఈ సర్వర్ పేరు చేర్చాలి.

ఏజెంట్ సర్వీస్ ఖాతాకు కూడా కొన్ని విండోస్ హక్కులు ఉండాలి. ప్రాసెస్ స్థాయి టోకెన్‌ను మార్చడం, ప్రాసెస్ మెమరీ కోటాలను సవరించడం, ట్రావర్స్ చెకింగ్‌ను దాటడం. ఇవి లేకపోతే ఏజెంట్ మరొకరి పేరుతో ప్రాసెస్ మొదలుపెట్టలేదు. సెటప్ వీటిని తానే ఇస్తుంది. తర్వాత ఎవరో సర్వీస్ ఖాతాను విండోస్ సర్వీసెస్ కన్సోల్‌లోంచి మార్చినప్పుడే చిక్కు, అక్కడ మారిస్తే ఈ హక్కులు కొత్త ఖాతాకు చేరవు. ఖాతా మార్చాలంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లోంచే మార్చాలి.

ఖాతాకు పనిముట్లు, అవసరమైనన్నే

ప్రాక్సీ కట్టడం ఖాతాకు కొత్తగా ఏ అధికారమూ ఇవ్వదు. డేటాబేస్‌లో హక్కు లేని ఖాతాతో కూడా ప్రాక్సీ హాయిగా తయారవుతుంది, జాబ్ నడిచిన రాత్రి బోర్లా పడుతుంది. అందుకే ముందు ఇవి చేయండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కార్ప్\రాత్రి_ఎగుమతి పేరుతో విండోస్ లాగిన్ చేసి, సేల్స్ డేటాబేస్‌లో యూజర్‌గా మ్యాప్ చేయండి. డీబీ_డేటారీడర్ (అన్ని పట్టికలూ చదవగలిగే రోల్) కూడా ఇక్కడ ఎక్కువే. ఎగుమతికి కావాల్సిన కాలమ్‌లతో ఒక వ్యూ రాసి, దాని మీద సెలెక్ట్ హక్కు ఒక్కటే ఇస్తే ఆ ఖాతా జీతాల పట్టిక వైపు కన్నెత్తి చూడలేదు.

ఫైల్ సర్వర్‌లో గమ్యం ఫోల్డర్ మీద మోడిఫై హక్కు. షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్క్‌లోని ఫోల్డర్ మీది) పర్మిషన్ రెండూ చూడాలి. రెంటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. స్క్రిప్ట్ ఏదైనా ఉంటే అది ఉన్న ఫోల్డర్ మీద చదివే హక్కు మాత్రమే, రాసే హక్కు డీబీఏలకు (డేటాబేస్ నిర్వాహకులకు) తప్ప ఇంకెవరికీ వద్దు. డెవలపర్ల షేర్‌లో ఉన్న స్క్రిప్ట్‌ను ప్రాక్సీతో నడపడమంటే, ఆ షేర్‌లో రాయగలిగిన ప్రతి ఒక్కరికీ ప్రాక్సీ ఇచ్చినట్టే.

క్రెడెన్షియల్, ఆ తర్వాత ప్రాక్సీ

మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఆబ్జెక్ట్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి సర్వర్ కింద సెక్యూరిటీ, దాని కింద క్రెడెన్షియల్స్. కుడి క్లిక్, న్యూ క్రెడెన్షియల్. పేరు, ఐడెంటిటీ, పాస్‌వర్డ్ 2 సార్లు. ఐడెంటిటీ దగ్గర డొమైన్ పేరుతో సహా పూర్తిగా రాయాలి, ఉత్త ఖాతా పేరు చాలదు. కాపీ పేస్ట్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ చివర ఖాళీ అంటుకుందేమో చూసుకోండి. ఇక్కడ ఎవరూ ఆపరు, జాబ్ నడిచినప్పుడే బయటపడుతుంది.

ఈ రహస్యం మాస్టర్ డేటాబేస్‌లో, సర్వీస్ మాస్టర్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ప్రాక్సీ మాత్రం ఎమ్‌ఎస్‌డీబీలో (ఏజెంట్ తన జాబులు దాచుకునే డేటాబేస్) ఉంటుంది. రెండూ వేర్వేరు డేటాబేసుల్లో ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోండి, కిందికి వెళ్లాక పనికొస్తుంది.

ఇప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్, దాని కింద ప్రాక్సీస్. కుడి క్లిక్, న్యూ ప్రాక్సీ. సిస్‌అడ్మిన్లే చేయగలరు. జనరల్ పేజీలో పేరు, క్రెడెన్షియల్, వివరణ. వివరణ పెట్టెను ఖాళీగా వదలకండి: ఏ జాబ్ కోసం, ఏ ఫోల్డర్‌కు, ఎవరు అడిగితే పెట్టారు. ఏడాది తర్వాత దీన్ని తీసేయొచ్చా అని తల పట్టుకునేవాళ్లు అదొక్కటే చదువుతారు. కింద సబ్‌సిస్టమ్‌ల జాబితాలో మన పనికి కావాల్సిన ఒక్కదాని మీదే టిక్ పెట్టండి. ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్. అన్నిటి మీదా టిక్ పెట్టడం బద్ధకం తప్ప ఇంకేమీ కాదు.

ప్రిన్సిపల్స్ పేజీలో ఈ ప్రాక్సీని వాడుకునే హక్కు ఎవరికో చేర్చాలి. ఎస్‌క్యూఎల్ లాగిన్, సర్వర్ రోల్, ఎమ్‌ఎస్‌డీబీ రోల్, మూడిట్లో ఏదైనా చేర్చొచ్చు. సిస్‌అడ్మిన్లకు విడిగా ఇవ్వక్కర్లేదు, వాళ్లకు అన్ని ప్రాక్సీలూ అందుబాటులోనే ఉంటాయి. ఎమ్‌ఎస్‌డీబీ పబ్లిక్ రోల్‌ను మాత్రం పొరపాటున కూడా చేర్చకండి. ఒకరికి ప్రాక్సీ ఇస్తే వాళ్లకు పాస్‌వర్డ్ కనపడదు, నిజమే. కానీ ఆ ఖాతా చేయగలిగినదంతా కమాండ్ స్టెప్ రాసి వాళ్లూ చేయించగలరు. ఇచ్చేది పాస్‌వర్డ్ కాకపోయినా ఇచ్చేది అధికారమే.

ఇదంతా స్క్రిప్ట్‌గా చేయాలంటే వరుస ఇది: క్రియేట్ క్రెడెన్షియల్, తర్వాత ఎమ్‌ఎస్‌డీబీలో ఎస్‌పీ_యాడ్_ప్రాక్సీ, ఎస్‌పీ_గ్రాంట్_ప్రాక్సీ_టు_సబ్‌సిస్టమ్, ఎస్‌పీ_గ్రాంట్_లాగిన్_టు_ప్రాక్సీ. ఐడెంటిటీలో రాసిన ఖాతా నిజంగా లేకపోతే రెండో మెట్టు దగ్గరే ఇది చెల్లే విండోస్ యూజర్ కాదని ఎర్రర్ వస్తుంది. ఖాతా పేరులో అక్షరం తప్పిందని అప్పుడే తెలిసిపోతుంది.

జాబ్ రాసే డెవలపర్ లాగిన్‌ను ఎమ్‌ఎస్‌డీబీలో ఎస్‌క్యూఎల్‌ఏజెంట్‌యూజర్‌రోల్‌లో చేర్చండి. ఆ రోల్‌తో తమ జాబులు తాము రాసుకుని నడుపుకోగలరు, ఇతరుల జాబులు చూడలేరు. పక్కవాళ్ల జాబులు కూడా చూడాలంటే రీడర్ రోల్, మొదలుపెట్టి ఆపగలగాలంటే ఆపరేటర్ రోల్. ఆపరేటర్ రోల్ ఉన్నా ఇతరుల జాబ్ స్టెప్‌లను మార్చలేరు. నిజానికి మనకు కావాల్సిందీ అదే.

స్టెప్ రాయడం, మొదట 'నేనెవరు' అని అడగడం

జాబ్‌లో కొత్త స్టెప్, టైప్ దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్. ఆ తర్వాత రన్ యాజ్ పెట్టెలో మన ప్రాక్సీ పేరు కనిపించాలి. కనిపించకపోతే కారణాలు రెండే: ఈ టైప్ సబ్‌సిస్టమ్‌కు టిక్ పెట్టలేదు, లేదా మీరు లాగిన్ అయిన ఖాతాకు ప్రాక్సీ ఇవ్వలేదు. టైప్ మారిస్తే జాబితా కూడా మారుతుంది, కాబట్టి ముందు టైప్ ఎంచుకోండి.

అసలు కమాండ్ రాసే ముందు ఒక్క పదం రాసి నడపండి: హూయామై. జాబ్ నడిపించి, హిస్టరీలో స్టెప్ మీద క్లిక్ చేస్తే సందేశం మొదట్లోనే 'ఎగ్జిక్యూటెడ్ యాజ్ యూజర్' అని ఉండి, దాని పక్కన కార్ప్\రాత్రి_ఎగుమతి కనిపించాలి. కిందే హూయామై ఇచ్చిన జవాబు కూడా అదే అయి ఉండాలి. ఇక్కడ సర్వీస్ ఖాతా పేరు కనిపిస్తే రన్ యాజ్ మారలేదని అర్థం, ఇక ముందుకు వెళ్లకండి. ఈ ఒక్క నిమిషం పరీక్షతో పాస్‌వర్డ్, లాగాన్ హక్కులు, సబ్‌సిస్టమ్ మూడూ తేలిపోతాయి. తర్వాత వచ్చే తప్పులన్నీ ఫైలు, డేటాబేస్ పర్మిషన్లవే.

ఆ తర్వాత అసలు కమాండ్. బీసీపీ (డేటాను ఫైలుగా తీసే కమాండ్) క్వెరీఅవుట్ అయితే స్విచ్‌లు ఇలా: సర్వర్ పేరుకు పెద్ద అక్షరం 'ఎస్', విండోస్ లాగిన్‌తో కలవడానికి పెద్ద అక్షరం 'టి', టెక్స్ట్ రూపానికి చిన్న 'సి', కాలమ్‌ల మధ్య గుర్తుకు చిన్న 'టి'. బీసీపీ విలువలను కోట్‌లలో పెట్టదు, చిరునామాల్లో కామాలుంటే కాలమ్‌లు చెదిరిపోతాయి. నిలువు గీత వాడితే నయం.

కస్టమర్ల పేర్లు, ఊళ్లు తెలుగులో ఉన్న పట్టిక అయితే ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఉత్త చిన్న 'సి'తో తీస్తే డేటాబేస్‌లో చక్కగా ఉన్న తెలుగంతా ఫైలులో వరుసగా ప్రశ్న గుర్తులై దిగుతుంది. జాబ్ మాత్రం పచ్చటి టిక్కుతో సక్సెస్ అంటుంది. పెద్ద అక్షరం 'సి' పక్కన 65001 అని ఇస్తే యూటీఎఫ్-8లో వస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016తో వచ్చిన బీసీపీ నుంచి ఇది ఉంది. అంతకన్నా పాత బీసీపీ ఉంటే చిన్న 'డబ్ల్యూ' వాడి యూటీఎఫ్-16లో తీయాలి.

గమ్యం దారిని ఎప్పుడూ సర్వర్ పేరుతో మొదలయ్యే రెండు వెనక గీతల రూపంలోనే రాయండి. మీ డెస్క్‌టాప్‌లో కనిపించే జెడ్ డ్రైవ్ మీ లాగాన్ సెషన్‌కే సొంతం, ప్రాక్సీ ఖాతాకు ఆ డ్రైవ్ లేదు. స్టెప్‌లో 3 లైన్లు రాస్తే మూడూ నడుస్తాయనుకోకండి, మొదటి లైనే నడుస్తుంది. కాపీ, డిర్ లాంటి కమాండ్లు, ఫైలులోకి మళ్లించే గుర్తు వాడాలంటే ముందు సీఎండీ.ఈఎక్స్‌ఈ, స్లాష్ సీ పెట్టాలి. లైన్లు ఎక్కువైతే పైన చెప్పినట్టు బిగించిన ఫోల్డర్‌లో బ్యాచ్ ఫైలు పెట్టి దాన్ని పిలవండి.

స్టెప్ అవుట్‌పుట్‌ను ఫైలుకు రాసే అవకాశం అడ్వాన్స్‌డ్ పేజీలో ఉన్నా అది సిస్‌అడ్మిన్లకే. మిగతావాళ్లు 'ఇన్‌క్లూడ్ స్టెప్ అవుట్‌పుట్ ఇన్ హిస్టరీ' మీద టిక్ పెట్టుకోవాలి. హిస్టరీ సందేశం 4000 అక్షరాల దగ్గర తెగిపోతుంది. అసలు ఎర్రర్ తరచూ ఆ తెగిన భాగంలోనే ఉంటుంది, అలాంటప్పుడు అవుట్‌పుట్‌ను టేబుల్‌లోకి లాగ్ చేయించండి.

టీ-ఎస్‌క్యూఎల్‌ను కూడా ప్రాక్సీతో నడపాలంటే

లింక్డ్ సర్వర్ (ఇక్కడి నుంచి కలిపి పెట్టుకున్న మరో సర్వర్) మీదుగా వెళ్లే ప్రొసీజర్‌ను సిస్‌అడ్మిన్ కాని ఓనర్ పేరుతో టీ-ఎస్‌క్యూఎల్ స్టెప్‌లో పెడితే 15274 ఎర్రర్ తగలొచ్చు: ప్రస్తుత సెక్యూరిటీ కాంటెక్స్ట్‌ను నమ్మలేమంటూ అవతలి సర్వర్‌కు వెళ్లనివ్వదు. ఎగ్జిక్యూట్ యాజ్ కింద నడవడమే కారణం. ఇలాంటప్పుడు చాలామంది విసిగి ఓనర్‌ను 'ఎస్‌ఏ' చేసేస్తారు. జాబ్ నడుస్తుంది. దానితోపాటు ఆ ప్రొసీజర్‌లో రేపు ఎవరేం రాసినా సిస్‌అడ్మిన్ అధికారంతోనే నడుస్తుంది.

దానికి బదులు అదే ప్రొసీజర్‌ను కమాండ్ స్టెప్‌లో ఎస్‌క్యూఎల్‌సీఎండీ (కమాండ్ లైన్ నుంచి క్వెరీ నడిపే పనిముట్టు) ద్వారా పిలవండి, రన్ యాజ్ ప్రాక్సీ. విండోస్ లాగిన్ కోసం పెద్ద అక్షరం 'ఈ' స్విచ్. చిన్న 'బి' స్విచ్‌ను మర్చిపోవద్దు. అది లేకపోతే క్వెరీ విరిగినా ఎస్‌క్యూఎల్‌సీఎండీ సున్నా ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తుంది, ఏజెంట్ దాన్ని విజయమని రాసుకుంటుంది.

పవర్‌షెల్, ఎస్‌ఎస్‌ఐఎస్ చేసే అల్లరి

పవర్‌షెల్ స్టెప్ మొదలయ్యేది మామూలు డిస్క్ మీద కాదు, ఎస్‌క్యూఎల్‌సర్వర్ అనే ప్రొవైడర్ లోపల. అందుకే షేర్ దారి సరిగ్గా ఉన్నా, పర్మిషన్ ఉన్నా 'క్యానాట్ ఫైండ్ పాత్' అంటుంది. జనం పర్మిషన్లు తిరగేస్తూ గంటలు గడుపుతారు. స్క్రిప్ట్ మొదటి లైనులో సెట్-లొకేషన్‌తో సి డ్రైవ్‌కు వెళితే సరిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 నుంచి మొదటి లైనులో హ్యాష్ గుర్తు, వెంటనే 'నోఎస్‌క్యూఎల్‌పీఎస్' అని పెద్ద అక్షరాల్లో రాస్తే ఆ మాడ్యూల్ అసలు లోడ్ కాదు. ఎర్రర్‌యాక్షన్‌ప్రిఫరెన్స్‌ను 'స్టాప్' చేయడం కూడా అలవాటు చేసుకోండి. లేకపోతే మధ్యలో ఎర్రర్ వచ్చినా స్టెప్ నవ్వుతూ ముగుస్తుంది.

ఎస్‌ఎస్‌ఐఎస్‌లో పాత జబ్బు ఒకటుంది. ప్యాకేజీ డిఫాల్ట్ ప్రొటెక్షన్ లెవల్ ఎన్‌క్రిప్ట్‌సెన్సిటివ్‌విత్‌యూజర్‌కీ. అంటే కనెక్షన్ పాస్‌వర్డ్‌లు ప్యాకేజీ చేసిన డెవలపర్ విండోస్ ప్రొఫైల్‌కు ముడిపడి ఉంటాయి. ఫైలుగా పెట్టిన ప్యాకేజీని ప్రాక్సీ తెరిస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్ నోడ్‌ను డీక్రిప్ట్ చేయలేకపోయామనే 0x8009000బి ఎర్రర్ వస్తుంది. డెవలపర్ మెషీన్‌లో నడుస్తుంది, జాబ్‌లో నడవదు అని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. ప్యాకేజీని డోంట్‌సేవ్‌సెన్సిటివ్ చేసి, ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ క్యాటలాగ్‌లో (సర్వర్‌లో ప్యాకేజీలు దాచే డేటాబేస్) పెట్టి, రహస్యాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో సెన్సిటివ్‌గా దాచడం సరైన దారి. ప్రాక్సీ ఖాతాకు ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీలో యూజర్ ఉండాలి, ఆ ప్రాజెక్ట్ మీద రీడ్, ఎగ్జిక్యూట్ హక్కులుండాలి, ఎన్విరాన్‌మెంట్ మీద రీడ్ ఉండాలి. ఎస్‌ఎస్‌ఐఎస్_అడ్మిన్ రోల్ అక్కర్లేదు.

ఒక్కోసారి ప్యాకేజీ సర్వీస్ ఖాతా తాలూకు టెంప్ ఫోల్డర్‌లో రాయబోయి యాక్సెస్ లేక ఆగిపోతుంది. ఎర్రర్ సందేశంలో ఆ దారి కనిపిస్తే ఆ ఒక్క ఫోల్డర్‌కే హక్కు ఇవ్వండి.

ఎర్రర్ చూసి జబ్బు పోల్చుకోవడం

'నాన్-సిస్‌అడ్మిన్స్ హావ్ బీన్ డినైడ్ పర్మిషన్' అంటూ ప్రాక్సీ లేకుండా కమాండ్ స్టెప్ నడపలేరని వస్తే, ఓనర్ సిస్‌అడ్మిన్ కాదు, స్టెప్‌లో ప్రాక్సీ ఎంచుకోలేదు. ఇది తప్పు కాదు, కాపలా తన పని తాను చేసింది.

'ఎర్రర్ అథెంటికేటింగ్ ప్రాక్సీ' అంటూ యూజర్ పేరో పాస్‌వర్డో తప్పని వస్తే క్రెడెన్షియల్‌లో ఉన్న పాస్‌వర్డ్ పాతబడింది. అదే సందేశంలో లాగాన్ టైప్ ఇవ్వలేదని వస్తే (విండోస్ నంబరు 1385) పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి, లాగాన్ హక్కులు చూడండి. సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 ఎంట్రీ తెరిస్తే లాగాన్ టైప్ 3 అని ఉంటే నెట్‌వర్క్ హక్కు, 4 అని ఉంటే బ్యాచ్ హక్కు లేదన్నమాట.

'ఎ రిక్వయర్డ్ ప్రివిలేజ్ ఈజ్ నాట్ హెల్డ్ బై ది క్లయింట్', నంబరు 1314: ప్రాక్సీ ఖాతాది కాదు, ఏజెంట్ సర్వీస్ ఖాతాకు ఉండాల్సిన హక్కులు పోయాయి. పైన చెప్పిన సర్వీసెస్ కన్సోల్ కథ ఇదే. హక్కులు ఇచ్చాక ఏజెంట్‌ను రీస్టార్ట్ చేయాలి.

ఉత్త 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని వచ్చి, దేని మీదో చెప్పకపోతే ఖాతాను అడ్మినిస్ట్రేటర్స్‌లో చేర్చి చూద్దామనే బుద్ధి పుడుతుంది. 'చూద్దాం' అని చేర్చింది తర్వాత ఎవరూ తీయరు. ప్రాసెస్ మానిటర్ తెరిచి, యూజర్‌ను ప్రాక్సీ ఖాతాకు, రిజల్ట్‌ను యాక్సెస్ డినైడ్‌కు ఫిల్టర్ చేసి జాబ్ నడపండి. ఏ ఫైలు, ఏ రిజిస్ట్రీ కీ దగ్గర ఆగిందో దారితో సహా కనిపిస్తుంది. తాకుతున్నది ఫైల్ సర్వర్‌లోని ఫోల్డర్ అయితే ముందు షేర్ పర్మిషనే చూడండి, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇచ్చి దాన్ని మర్చిపోవడం మామూలే.

పాస్‌వర్డ్ మార్చే రోజు

అంతా కుదిరాక జాబులు మళ్లీ పడిపోయేది ఈ రోజే. యాక్టివ్ డైరెక్టరీలో మార్చి, క్రెడెన్షియల్‌లో మార్చేలోపు 5 నిమిషాలకోసారి నడిచే జాబ్ ఒకటుంటే, దానికి 3 రీట్రైలు కూడా పెట్టి ఉంటే, పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొట్టీ కొట్టీ ఖాతా లాక్ అవుతుంది. అప్పుడు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా పనిచేయదు, మీరేమో కొత్త పాస్‌వర్డే తప్పు టైప్ చేశామనుకుంటారు.

వరుస ఇలా పెట్టుకోండి. ఆ ప్రాక్సీ వాడే జాబులన్నీ డిసేబుల్. డైరెక్టరీలో పాస్‌వర్డ్ మార్పు. ఆ ఖాతా ఉన్న ప్రతి సర్వర్‌లో క్రెడెన్షియల్ మార్పు. హూయామై జాబ్. తర్వాత ఎనేబుల్. ఏజెంట్ రీస్టార్ట్ అక్కర్లేదు, తర్వాతి స్టెప్ నుంచే కొత్త పాస్‌వర్డ్ పనిచేస్తుంది. ఆల్టర్ క్రెడెన్షియల్ స్క్రిప్ట్ రాస్తే ఐడెంటిటీతో పాటు సీక్రెట్ కూడా ఇవ్వాలి, సీక్రెట్ ఇవ్వకపోతే పాతది ఉండిపోదు, నల్ అయిపోతుంది.

సర్వర్ మారినప్పుడు ముందు చెప్పిన రెండు డేటాబేసుల సంగతి గుర్తొస్తుంది. ఎమ్‌ఎస్‌డీబీ ఒక్కదాన్నే కొత్త మెషీన్‌లో రీస్టోర్ చేస్తే ప్రాక్సీలు వస్తాయి, అవి చూపించే క్రెడెన్షియల్ నంబరు కొత్త మాస్టర్‌లో ఉండదు, లేదా వేరే క్రెడెన్షియల్‌ది అయి ఉంటుంది. రెండోది ఎక్కువ ప్రమాదం. అవైలబిలిటీ గ్రూప్‌లోని (ఒకే డేటాబేస్ నకళ్లు ఉంచే సర్వర్ల గుంపు) మామూలు రెప్లికాల మధ్య కూడా ఇవి తమంతట తాము వెళ్లవు. ప్రతి రెప్లికాలో చేత్తో పెట్టి, పాస్‌వర్డ్ మార్పును కూడా అన్నింట్లో చేయాలి. లేదంటే ఫెయిలోవర్ అయిన (పని వేరే సర్వర్‌కు మారిన) రాత్రే తెలుస్తుంది. స్క్రిప్ట్ తీసి దాచుకున్నా అందులో పాస్‌వర్డ్ రాదు కాబట్టి అది వేరే చోట భద్రంగా ఉండాలి.

3 నెలలకోసారి తిరగేయాల్సిన పట్టికలు

ఎమ్‌ఎస్‌డీబీలో సిస్‌జాబ్‌స్టెప్స్‌ను చూడండి. సబ్‌సిస్టమ్ టీఎస్‌క్యూఎల్ కాకుండా ఉండి, ప్రాక్సీ_ఐడీ ఖాళీగా ఉండి, జాబ్ ఓనర్ సిస్‌అడ్మిన్ అయిన ప్రతి వరుసా ఏజెంట్ సర్వీస్ ఖాతాతో నడుస్తున్న స్టెప్. మొదటిసారి చూసినప్పుడు జాబితా పెద్దగానే వస్తుంది. బయటి ఫైళ్లను, స్క్రిప్ట్‌లను పిలిచేవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ ప్రాక్సీకి మార్చండి. సిస్‌ప్రాక్సీలాగిన్‌లో ఎవరెవరికి ఏ ప్రాక్సీ ఉందో, సిస్‌ప్రాక్సీసబ్‌సిస్టమ్‌లో ఏది దేనికి తెరిచి ఉందో కనిపిస్తుంది. ప్రాక్సీల వెనక ఉన్న విండోస్ ఖాతాల్లో ఏదైనా సర్వర్‌లో సిస్‌అడ్మిన్‌గా ఉందేమో పోల్చి చూడండి. ఉంటే, ఆ ప్రాక్సీ ఇచ్చిన ప్రతి డెవలపర్ కూడా సిస్‌అడ్మినే.

పని అయిపోయిన ప్రాక్సీని వెంటనే తుడిచేయకండి. ఎస్‌పీ_అప్‌డేట్_ప్రాక్సీతో ఎనేబుల్డ్ విలువ 0 చేసి నెలాఖరు జాబులు ఒకసారి దాటేదాకా ఉంచండి. నెలకోసారి నడిచే జాబ్ ఎక్కడో దాన్ని పట్టుకుని ఉండొచ్చు. ఆ తర్వాత తీసేయబోతే, ఏ స్టెప్ అయినా ఇంకా వాడుతుంటే ఎస్‌పీ_డిలీట్_ప్రాక్సీ ఒప్పుకోదు, ఎస్‌పీ_రీఅసైన్_ప్రాక్సీతో ఆ స్టెప్‌లను వేరేదానికి మార్చమంటుంది. ప్రాక్సీ పోయాక క్రెడెన్షియల్ డ్రాప్ చేయండి, సేల్స్ డేటాబేస్‌లోని యూజర్‌ను, సర్వర్ లాగిన్‌ను తీసేయండి, ఫోల్డర్ హక్కులు తీసేయండి. చివరగా డైరెక్టరీలో ఖాతాను డిసేబుల్ చేయమని అడ్మిన్లకు టికెట్ పెట్టండి.